కవరు లోపలి వైపు

"అమ్మ లెక్కలు తుడిచెయ్యడానికి ఎన్ని రోజులు పడుతుంది?" అని మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు నేను కుక్కర్ మూత కడుగుతున్నాను. వాషర్ సందులో ఇరుక్కున్న మెతుకు ఒకటి ఎంత గోకినా ఊడిరావడం లేదు.

"ఎన్ని కవర్లు?" అన్నాను.

"అరవై మూడు. రెండు వారాల్లో ఆ స్టాంపులాయన మళ్ళీ వస్తాడు. నీకిది కొత్తేం కాదుగా, ఆఫీసులో రోజూ చేసేదే."

చెప్పేసి వెళ్ళి టీవీ ముందు కూర్చున్నారు. నేను ఒప్పుకున్నానో లేదో వినడానికి ఆగలేదు. ఆగాల్సిన అవసరం ఆయనకి ఈ ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడు వచ్చింది గనక. మెతుకు ఊడొచ్చింది. మూత తుడిచి బోర్లించాను.

ఆ కవర్లు మా మామయ్యగారివి. ఆయన ఓడల్లో వైర్లెస్ ఆపరేటరుగా ముప్ఫై మూడేళ్ళు పనిచేశారు. ఏడాదిలో పది నెలలు నీళ్ళ మీద, రెండు నెలలు ఇంట్లో. ఇంట్లో ఉన్న ఆ రెండు నెలలూ ఇంట్లోవాళ్ళకి ఓడెక్కినట్టే ఉండేది. గంట కొట్టినట్టు భోజనం, గంట కొట్టినట్టు నిద్ర. ఆయన పోయి పదకొండేళ్ళయింది. అత్తయ్య పోయి నాలుగు నెలలు. ఆవిడ మంచం కింద ట్రంకు పెట్టె తెరిస్తే ఆయన రాసిన ఉత్తరాలన్నీ, ఏ ఏడాదివి ఆ ఏడాదికి నాడాతో కట్టి, కవరులో వచ్చినవి కవర్లతో సహా ఉన్నాయి. మా బావగారు ఒక కట్ట చేతిలోకి తీసుకుని కళ్ళజోడు పైకి తోసి, "ఇది చరిత్రరా తమ్ముడూ" అన్నారు. మా ఆయన తలూపారు. ఆ సాయంత్రానికే చరిత్రకి ధర కట్టే మనిషి ఫోన్ నెంబరు సంపాదించారు.

వచ్చినాయన పాత స్టాంపుల వ్యాపారి. సన్నటి మనిషి, మెడలో భూతద్దం, మాట మెత్తన. ఉత్తరాలు బయటికి తీసి ఒక పక్కన పెట్టేసి, ఖాళీ కవర్లు మాత్రం పట్టకారుతో పట్టుకుని చూడడం మొదలుపెట్టాడు. బావగారు నొచ్చుకున్నారు. "ఉత్తరాలు చదవండి, నాన్నగారు ఎన్ని దేశాలు చూశారో తెలుస్తుంది" అన్నారు. ఆయన మర్యాదకి ఒకటి విప్పి చదివాడు. నేను టీ కప్పులు పెడుతూ పక్క నుంచి చూశాను. "ఇక్కడ క్షేమం. ఎండ బాగా ఉంది. బీరువా తాళం చెవి చోటు మార్చు. పాలవాడికి ముందే డబ్బు ఇవ్వకు. కిందటి ఉత్తరంలో తప్పులు ఎక్కువగా ఉన్నవి." అంతే. ఇరవై అయిదేళ్ళుగా పాత కాగితాల మధ్య బతుకుతున్నదాన్ని, ఆ ఉత్తరానికి చరిత్రలో ఏ విలువా లేదని నాకు ఒక్క చూపులోనే తెలిసింది. అలాంటివి నాలుగు వందలున్నాయి.

"ఉత్తరానికి ధర రాదండి" అన్నాడు వ్యాపారి. "ముద్రకి వస్తుంది. ఓడలో పోస్టు చేసినదానికి రేవులో వేరే ముద్ర వేస్తారు. అది చెదరకుండా, కవరు చిరగకుండా దొరకడం అరుదు. మీ అమ్మగారు చాలా జాగ్రత్తపరురాలు."

కవరు లేకుండా మడిచి అంటించి పంపిన ఉత్తరాలు పోగా ఉన్న అరవై మూడు కవర్లూ తీసి, ధర ఎక్కువ పలికేదాన్ని బట్టి వరసగా చీటీల మీద అంకెలు వేశాడు. ఆయన చెప్పిన మొత్తం విని అన్నదమ్ములిద్దరూ మొహాలు చూసుకున్నారు. బావగారి మేడ మీద స్లాబు, మా ఆయన కారు ఆ చూపుల్లోనే తయారైపోయాయి. "మరి నాకు?" అన్నాను, నవ్వుతూనే. "నీ వాటా నా వాటాలో లేదా ఏంటి" అన్నారు మా ఆయన, అంతకన్నా నవ్వుతూ.

వెళ్ళేముందు వ్యాపారి ఒక కవరుని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. మొహం మారింది. "లోపల ఏదో రాసినట్టుందే. పెన్సిలు రాత. ఇలా ఎన్నిట్లో ఉందో చూడండి. లోపల రాసిన సరుక్కి మార్కెట్లో చాలా తక్కువ ఇస్తారు."

"అమ్మ పచారీ లెక్కలు అయ్యుంటాయి" అన్నారు బావగారు. "కాగితం ముక్క కనపడితే చాలు, దాని మీద పాల లెక్క రాసేది." ఇద్దరూ నవ్వారు. అదిగో, ఆ లెక్కలు తుడవడమే నాకు పడిన పని.

నా ఉద్యోగం గురించి మా ఆయన ఎవరికైనా చెప్పాల్సివస్తే, "మా ఆవిడ లైబ్రరీలో కాగితాలు అతికిస్తుంది" అంటారు. అబద్ధమేం కాదు. పాత పత్రాల విభాగంలో చెద తిన్నవీ, తడిసినవీ, మడతల దగ్గర విరిగినవీ నా బల్ల మీదికి వస్తాయి. అతికిస్తాను. ఎవరైనా ఇంట్లో పాత కాగితాలు తెచ్చి అప్పగిస్తామంటే, అవి ఏ కాలానివో, అసలువో కావో, దాచదగ్గవో కావో చూసి చెప్పేదీ నేనే. నేను చెప్పినదాన్ని మా అధికారి తన దస్తూరీలో ఎత్తి రాసుకుని కింద సంతకం పెడతారు. పండితులు వచ్చి ఆయన్ని మెచ్చుకుని వెళ్తారు. నేను జిగురు కలుపుకుంటూ వింటాను. అలవాటైపోయింది. ఇంట్లో అలవాటైనదానికి ఆఫీసులో పెద్దగా కష్టపడక్కర్లేదు.

ఒకప్పుడు ఇంకోలా అయ్యుండేది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, వేరే ఊళ్ళో రెండేళ్ళ శిక్షణకి మా విభాగం నుంచి ఒక్కరిని పిలిచారు. నన్ను. అది చేసినవాళ్ళు అధికారులవుతారు, తమ సంతకం తామే పెట్టుకుంటారు. బాబుకి అప్పటికి పద్నాలుగు నెలలు. మా ఆయన, "నాకేం అభ్యంతరం లేదు, అమ్మనడుగు" అన్నారు. అత్తయ్యనడిగితే, "ఆయనకి రాస్తాను" అంది. మామయ్యగారు ఆఖరిసారి ఓడెక్కి వెళ్ళారప్పుడు. నెల రోజులు పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే నా గుండె ఆగేది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ వంటింట్లోకి వచ్చి, గోడ వైపు చూస్తూ, "ఆయన వద్దన్నారు. నేనూ వద్దంటున్నాను. పిల్లాణ్ణి వదిలేసి ఊరేగే ఆడది ఈ ఇంట్లో లేదు" అంది. అని గిన్నెలు గట్టిగా సర్దింది. ఆ రాత్రి మా ఆయన నా వీపు నిమిరి, "అమ్మ ఒప్పుకోకపోతే నేనేం చెయ్యను చెప్పు" అన్నారు.

ఊరేగే ఆడది అన్న మాట నాలో ఇరవై నాలుగేళ్ళు ఉంది. ఆవిడ అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడింది లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే, గోళ్ళ సందుల్లో ఎండిన జిగురుతో నేను ఇంటికి వస్తే, "వచ్చింది జిగురమ్మ" అనేది. ఆ పేరు ఇంటిల్లిపాదికీ అంటుకుంది. ఆడపడుచు పిల్లలు కూడా జిగురత్తా అని పిలిచేవాళ్ళు. చివరి రెండేళ్ళు ఆవిడ మంచం పట్టినప్పుడు సగం జీతం సెలవు పెట్టి అన్నీ నేనే చేశాను. పక్క బట్టలు మార్చాను, పుళ్ళు పడకుండా పక్కకి తిప్పాను, తల దువ్వాను. ఏ పనిలోనూ లోటు చెయ్యలేదు. కానీ ఒక్కనాడు కూడా మంచం పక్కన ఊరికే కూర్చోలేదు. పని అవగానే లేచిపోయేదాన్ని. ఆవిడ కళ్ళు నా వెనకే వచ్చేవి. చూడనట్టు ఉండేదాన్ని. ఆ శిక్ష నేను తెలిసే వేశాను, ఇప్పుడు దాచడమెందుకు.

ఆఫీసుకి వారం సెలవు పెట్టి, కవర్ల పని మధ్యాహ్నాలు పెట్టుకున్నాను. లోపలి రాత తుడవాలంటే కవరు అతుకులు విప్పాలి. తడి బ్లాటింగ్ పేపరు అతుకు మీద వేసి, జిగురు మెత్తబడ్డాక మొండి చాకుతో మెల్లగా లేపాలి. పరిచి, ఆరబెట్టి, రబ్బరుతో తుడిచి, మళ్ళీ పాత మడతల మీదే మడిచి అంటించాలి. నేను చేస్తే ఆ వ్యాపారి భూతద్దానికి కూడా దొరకదు.

మొదటి కవరు అతుకు మెత్తబడగానే ఆశ్చర్యం వేసింది. అది కవర్ల కంపెనీ జిగురు కాదు. ఇంట్లో ఉడికించిన మైదా జిగురు. అంటే ఎవరో ఈ కవరుని ఒకసారి విప్పి, మళ్ళీ అంటించారు. ఎంత పొందికగా అంటే, అంచు నుంచి ఒక్క చుక్క బయటికి రాలేదు, ఒక్క ముడత పడలేదు. మా దగ్గర ఆరు నెలలు నేర్చుకున్న పిల్లలకి కూడా ఆ చెయ్యి రాదు. జిగురమ్మ అని నన్ను వెక్కిరించిన మనిషి చెయ్యి అది.

అప్పుడైనా ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆగలేదు. పై వరసలో "పాలు, కందిపప్పు, కిరసనాయిలు" అని ఉంది. బావగారు చెప్పింది నిజమే అనుకున్నాను. కింద ఇంకా చాలా వరసలున్నాయి, కొట్టివేతలున్నాయి. నేను చదవలేదు. నాకు పని నేర్పిన ముసలి మేస్త్రి ఒక మాట చెప్పేవాడు, "అమ్మాయ్, అతికేటప్పుడు చదవకు. చదవడం మొదలుపెడితే చెయ్యి ఆగిపోతుంది. కన్ను అక్షరం మీద కాదు, కాగితం మీద ఉండాలి" అని. ఇన్నేళ్ళూ ఆ మాట మీదే పనిచేశాను. ఆ మేస్త్రే ఇంకోటి కూడా చెప్పాడు, పాత రాతని చెరపడమంత పాపం మన పనిలో ఇంకోటి లేదని. అది ఆఫీసులో. ఇంట్లో నా పనికి నియమాలేవీ ఉండవు, ఎవరేం చెప్తే అది చెయ్యడమే. పైగా కడుపు మండిపోతోంది. రెండేళ్ళు ఆవిడ ఒళ్ళు తుడిచాను, ఇప్పుడు ఆవిడ లెక్కలు కూడా నేనే తుడవాలా అని. రబ్బరు కాస్త గట్టిగానే తిప్పాను.

అలా నాలుగు రోజుల్లో పదకొండు కవర్లు తుడిచాను. వ్యాపారి వేసిన వరస ప్రకారం అన్నిటికన్నా పాతవి అవే. అత్తయ్య కొత్తగా కాపరానికి వచ్చిన రోజులవి.

పన్నెండోది అంత పాతది కాకపోయినా వరసలో ముందు ఎందుకుందంటే, అది ఓడ ఆఖరి ప్రయాణం ముద్ర. ఆ తర్వాత ఓడని విరిచేశారట. విప్పి పరిచాను. రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. మొదటి వరసలో "పాలు, బాబుకి దగ్గు మందు" అని ఉంది. దాని కింద పెద్ద అక్షరాలతో "జిగురమ్మ" అని ఉంది.

తన పేరు కనపడితే ఎవరైనా చదువుతారు. నేనూ చదివాను.

"మన జిగురమ్మని రెండేళ్ళ చదువుకి రమ్మన్నారండి. పంపిద్దాం. పిల్లాణ్ణి నేను చూసుకుంటాను. నా నడుం సంగతి మీరు పట్టించుకోవద్దు. దాని చేతిలో పని ఉంది. నాకు తెలుసు, అంటించే పని నాకు తెలుసు." దాని మీద అడ్డంగా గీత కొట్టి ఉంది.

కింద మళ్ళీ రాసింది. "మీరు ఒప్పుకుంటే కోడలిని పంపిద్దామని నా ఆలోచన. మీకు కోపం వస్తుందేమో." కొట్టివేత. మళ్ళీ, "రెండేళ్ళు కాకపోతే ఒక్క ఏడాదైనా." కొట్టివేత. మళ్ళీ, "అబ్బాయి కూడా వద్దంటున్నాడు. వద్దని నన్నే చెప్పమంటున్నాడు. తను చెప్తే అది బాధపడుతుందట." అదీ కొట్టివేత, రెండు గీతలతో. అన్నిటికీ కింద, గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పూ లేకుండా, "కోడలి విషయంలో మీ ఇష్టమే నా ఇష్టం." ఇది మాత్రం కొట్టెయ్యలేదు. ఉత్తరంలోకి ఎక్కింది అదన్నమాట.

అప్పటికి అర్థమైంది. ఇవి లెక్కలు కావు. చిత్తు ప్రతులు. ఈ ఇంట్లో అందరూ నవ్వుకుంటూ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. అత్తయ్య రాసిన ఉత్తరాల్లో తప్పులుంటే మామయ్యగారు ఎర్ర సిరాతో దిద్ది, తన జవాబుతో కలిపి వెనక్కి పంపేవారట. "నాన్న ఓడ మీంచి కూడా అమ్మకి పాఠాలు చెప్పేవాడు" అని బావగారు ఇప్పటికీ చెప్తారు. అందుకని ఆవిడ ముందు చిత్తు రాసుకునేది. కాగితాలు ఆయనే కొని, లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళేవారు, నెలకి రెండు ఉత్తరాలు, నాలుగు కాగితాలు. ఒకటి పాడుచేస్తే ఒకటి తక్కువైనట్టు. అందుకే ఆయన కవరే విప్పి, లోపలి వైపు రాసుకుని, మళ్ళీ అంటించి, ఆయన ఉత్తరం అందులోనే పెట్టి దాచేది. తను రాసింది తను మళ్ళీ విప్పి చూసే మనిషి కాదాయన. ఆ ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు ఆవిడకి ఇంకోటి లేదు.

కవరు అంచున, నిలువుగా, చీమ తలకాయలంత అక్షరాలతో ఇంకో రెండు వరసలున్నాయి. అవి ఆయనకి రాసినవి కావు. "దాని మొహం చూడలేకపోతున్నాను. చూస్తే నిజం చెప్పేస్తాను. కసురుకుంటే నా వంక చూడడం మానేస్తుంది, అదే మేలు."

మానేశానత్తయ్యా. మీరు కోరుకున్నట్టే ఇరవై నాలుగేళ్ళు మీ వంక చూడలేదు. మంచంలో పడి మాట పోయాక మీ కళ్ళు నా వెనక తిరుగుతుంటే కూడా చూడలేదు. నీళ్ళు కావాలేమో అనుకుని గ్లాసు అందించి వెళ్ళిపోయాను.

ఎంతసేపు ఏడ్చానో తెలియదు. కవరు మీద చుక్క పడకుండా మాత్రం కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. పని నేర్పిన అలవాటు అది, ఏడుస్తున్నా పోదు.

తర్వాత గుర్తొచ్చింది, పదకొండు.

కిటికీ తెరలు వేసి, టార్చి లైటు బల్లకి ఆనించి, వెలుగు ఏటవాలుగా పడేలా తుడిచేసిన కవర్లు ఒక్కొక్కటే పెట్టి చూశాను. పెన్సిలు నొక్కి రాస్తే కాగితం మీద గాడి మిగులుతుంది. ఆవిడ నొక్కే రాసేది. కానీ నేనూ గట్టిగానే రుద్దాను, తడి చేశాను, ఇస్త్రీ చేసినట్టు చదును చేశాను కూడా. అక్కడొక మాట, ఇక్కడొక మాట దొరికింది. ఒకదాంట్లో "భయం". ఒకదాంట్లో "మా అమ్మ". ఇంకోదాంట్లో ఒక వరస దాదాపు మొత్తం తేలింది, "మీరు తిరిగి వచ్చేలోపు నేను" అని, తర్వాత ఏమీ లేదు, చివర "నేర్చుకుంటాను" అని. మధ్యలో ఉన్న ఆ ఒక్క మాట కోసం లైటు ఎన్ని వైపుల నుంచి పెట్టానో. పందొమ్మిదేళ్ళ పిల్ల, మొగుడు సముద్రంలో ఉండగా, ఏం నేర్చుకుంటానంది? సైకిలా? ఈతా? పాటా? తెలియదు. తెలుసుకోగలిగే అవకాశం సోమవారం దాకా ఉంది. మంగళవారం నేను దాన్ని రబ్బరు పొట్టుగా మార్చి, చేత్తో ఊడ్చి, చెత్తబుట్టలో వేశాను.

మిగిలిన యాభై ఒకటీ విప్పాను. తుడవడానికి కాదు, చదవడానికి. సెలవు ఇంకో వారం పొడిగించాను. అన్నిట్లోనూ ఉంది. జ్వరాలు, బళ్ళో పిల్లల దెబ్బలాటలు, అత్తగారి మాటలు, కడుపులో పోయిన మూడో బిడ్డ సంగతి. ఆ మూడో బిడ్డ గురించి ఏడుసార్లు రాసి ఏడుసార్లు కొట్టేసి, ఉత్తరంలో మాత్రం "నాకు కొంచెం నలతగా ఉండినది, ఇప్పుడు తగ్గినది" అని పంపింది. ఏడాదికి రెండు నెలలు ఇంటికొచ్చే మనిషి కోసం పది నెలలు మాట్లాడుకుని, ఆ మాటల్లో ఒక్కటీ ఆయనకి చెప్పలేదు. చరిత్ర అంటే ఏంటో బావగారిని ఎవరైనా అడిగితే బాగుండు.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగాను. "అప్పుడు నన్ను శిక్షణకి వద్దన్నది ఎవరు?"

"ఏ శిక్షణ?" అన్నారు. తర్వాత గుర్తొచ్చింది. "ఓ, అదా. అమ్మే కదా. నాన్న కూడా వద్దన్నాడనుకుంటా. పాత కథలు ఇప్పుడెందుకు? కొంచెం ఉప్పు ఇలా పడెయ్."

తలెత్తలేదు. అబద్ధం చెప్తున్న మొహం కూడా కాదది. ఇన్నేళ్ళూ చెప్పి చెప్పి ఆయనే నమ్మేశారు. ఉప్పు డబ్బా ఆయన ముందు పెట్టాను.

ఆదివారం వ్యాపారి వచ్చాడు. బావగారు ముందుగానే వచ్చి కూర్చున్నారు. కవర్లు బల్ల మీద పెట్టాను. అన్నీ మళ్ళీ మడిచి అంటించి ఉన్నాయి. మొదటి పదకొండూ వ్యాపారి కిటికీ వైపు ఎత్తి చూశాడు. శుభ్రంగా ఉన్నాయి. మొహం వెలిగింది. "భలే ఉన్నాయండి, విప్పిన జాడే లేదు" అన్నాడు. మా ఆయన బావగారి చెవి దగ్గరికి వంగి గర్వంగా, "చెప్పానుగా, మా ఆవిడ ఆ పనిలోనే ఉంది" అన్నారు. ఇరవై ఆరేళ్ళలో నా పని గురించి ఆయన గర్వపడడం అదే మొదటిసారి.

"విప్పారండి" అన్నాను. "అన్నీ విప్పారు. అరవై మూడూ ఒకసారి మా అత్తయ్య విప్పి అంటించింది, మైదా జిగురుతో. రెండోసారి నేను విప్పి అంటించాను. ఈ పదకొండింట్లో రాత నేను తుడిచేశాను. మిగతావాటిలో రాత అలాగే ఉంది. నేను ఇక తుడవను."

వ్యాపారి భూతద్దం పెట్టి అతుకులు చాలాసేపు చూశాడు. ఏమీ దొరకలేదు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదమ్మా" అన్నాడు చివరికి, కొంచెం బాధగానే. "తెలిశాక తెలియనట్టు అమ్మలేను. వీటికి పదో వంతు కూడా ఎవరూ ఇవ్వరు."

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నారు మా ఆయన. "ఇంటి మనిషివి అయ్యుండి..."

"ఇంటి మనిషిని కాబట్టే ఇన్నాళ్ళూ చెప్పలేదు" అన్నాను. కవర్లన్నీ దొంతరగా సర్దడం మొదలుపెట్టాను.

బావగారు వ్యాపారి చెప్పిన కొత్త మొత్తం విని, చెయ్యి విదిలించారు. "ఆ ముష్టి డబ్బుకి నాన్నగారి పేరు అమ్ముకుంటామా? ఉత్తరాలు నేను తీసుకెళ్తాను, పిల్లలకి చూపిస్తాను. ఆ కవర్లు మీరే ఏదో ఒకటి చేసుకోండి" అని, నాలుగు వందల క్షేమ సమాచారాలు సంచీలో వేసుకుని వెళ్ళిపోయారు. కలలో కారు పోయినందుకు మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు హాయిగానే ఉంది.

సెలవు అయిపోయాక కవర్లు లైబ్రరీకి తీసుకెళ్ళాను. విప్పి, పరిచి, ఒక్కోటి ఒక్కో పల్చటి కాగితం మధ్య పెట్టి. మా అధికారి పైపైన రెండు చూసి పెదవి విరిచారు. "వంటింటి రాతల్లా ఉన్నాయే. ఎవరావిడ? ఏం చేసేది?"

"అంటించేది" అన్నాను. "మనందరికన్నా బాగా."

"దాచదగ్గవని ఎవరు రాస్తారు? నేను రాయలేను."

"నేను రాస్తాను. సంతకం కూడా నేనే పెడతాను."

ఆయన నన్ను ఒక క్షణం చూసి, భుజాలెగరేసి, ఖాళీ ఫారం నా వైపు తోశారు. అభ్యంతరం చెప్పడానికి కూడా శ్రమ అనిపించి ఉంటుంది.

నా బల్ల దగ్గర కూర్చుని పూర్తిచేశాను. రాసినవారు అన్న చోట అత్తయ్య పేరు రాశాను. అమ్మ, వదిన, అత్తయ్య, ఏమే అని తప్ప ఈ ఇంట్లో ఎవరూ పిలవని పేరు. ఆ పేరు రాయడానికి ఆవిడ మరణ పత్రం తీసి చూసుకోవాల్సి వచ్చింది నాకు. వివరం అన్న చోట, అరవై మూడు కవర్ల లోపలి వైపు, చిత్తు ప్రతులు, పెన్సిలు అని రాశాను. విలువ అన్న చోట చాలాసేపు ఆగి, కట్టలేము అని రాశాను.

దాని కింద నష్టం అన్న గడి ఉంటుంది. పదకొండు కవర్లలో రాత చెరిగిపోయింది, తిరిగి రాదు అని రాశాను. పక్కన నష్టానికి కారణం అన్న గడి. ఇరవై అయిదేళ్ళుగా ఆ గడిలో నేను చెద అని రాశాను, తడి అని రాశాను, ఎండ అని రాశాను.

కోడలు అని రాసి, కింద సంతకం పెట్టాను.